తేలిన మామిడిపండు కార్బైడ్‌దేనా? ఒక వాదనను నిజాయితీగా నడిపే పద్ధతి

మామిడి సీజన్‌లో దామలచెరువు మండీల్లోకి కాయ దిగుతుంటే, తిరుపతి ఇళ్ల ఫోన్లలోకి ఒక మెసేజ్ దిగుతుంది: "పండును నీళ్లలో వేయండి. మునిగితే మంచిది, తేలితే కార్బైడ్ పెట్టి మాగించింది." ఇంట్లో ఒకరు నమ్ముతారు, ఒకరు కొట్టిపారేస్తారు. ఈ గొడవనే తీసుకుని, వాదన ఎలా నడపాలో చూద్దాం.

ముందు తగువు దేనిమీదో తేల్చండి. ఇక్కడ మూడు మాటలు కలిసిపోయాయి: కార్బైడ్ హానికరం, వ్యాపారులు మోసం చేస్తారు, తేలితే అది కార్బైడ్ పండే. మొదటిదానిమీద తగువే లేదు. కార్బైడ్‌కు తేమ తగిలితే అసిటిలీన్ వాయువు వస్తుంది. బజారు సరుకులో ఆర్సెనిక్, భాస్వరం జాడలు కూడా ఉంటాయి. అందుకే 2011 ఆహార భద్రత నిబంధనలు దాంతో పండ్లు మాగించడాన్ని నిషేధించాయి. మనం పరీక్షించేది మూడో మాటను మాత్రమే. దాన్ని ప్రశ్నించగానే "అయితే విషం తినమంటావా?" అని మొదటిదానిమీదకు దూకడం చాలా ఇళ్లలో జరిగేదే. మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనం దీన్ని అర్థాంతరం అంటుంది. వాదంలో ఓటమి కింద లెక్కకట్టే 22 నిగ్రహస్థానాల్లో ఇదొకటి. అలా దూకితే కోప్పడకండి, "అది ఒప్పుకున్నా మామా, తేలడం సంగతి చెప్పు" అని మళ్లీ దారిలోకి తెండి.

తర్వాత పూర్వపక్షం. ఎదుటివాళ్ల మాటను వాళ్లకంటే బాగా చెప్పాలి, వాళ్లు "అవును, నేనన్నది అదే" అనాలి. ఈ మెసేజ్ వెనక నిజంగానే కొంత బలం ఉంది. ముదిరిన కాయ బరువెక్కి నీళ్లలో మునుగుతుంది, లేతది తేలుతుంది. ధర కోసం తొందరపడి లేతగా కోసినవాళ్లకే కార్బైడ్ అవసరం ఎక్కువ. ఇంత బలమైన మాటను పక్కనపెట్టి "వాట్సాప్ చెత్త" అనేస్తే అది వితండం, అంటే తన పక్షం ఏదీ నిలబెట్టకుండా ఎదుటిదాన్ని కూల్చడం. గెలుపే ముఖ్యమైతే జల్పం. నిజం తేలాలని ఇద్దరూ కూర్చుంటేనే వాదం. తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయదర్శనం చదివేవాళ్లకు ఈ తేడా తొలిపాఠాల్లోనే వస్తుంది. మిగతావాళ్లకూ అంతే అవసరం.

ఇక అసలు పని. నిప్పు లేనిదే పొగ రాదంటాం, సరే. మరి నిప్పున్న ప్రతిచోటా పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనుపకడ్డీకి పొగ ఉండదు. పొగ రావాలంటే కట్టె పచ్చిగా ఉండాలి. ఇలా మధ్యలో దాగిన షరతును న్యాయదర్శనంలో ఉపాధి అంటారు. మన మెసేజ్‌లో ఉపాధి లేతదనం. కార్బైడ్ తగలని లేతకాయా తేలుతుంది, కార్బైడ్ పెట్టిన ముదురుకాయా మునుగుతుంది. రెండోది ప్రమాదం: "మునిగింది కదా" అని ధైర్యంగా తింటారు.

నమ్మకం కుదరకపోతే పరీక్షించండి. తెలిసినవాళ్ల తోటలో ఒకే చెట్టు నుంచి 20 కాయలు కోయించండి: తొడిమ దగ్గర భుజాలు నిండినవి 10, నిండనివి 10. పుచ్చినవి వద్దు. ఏ మందూ లేకుండా వరిగడ్డిలో మాగబెట్టండి. బకెట్ నీళ్లలో ఒక్కొక్కటే వేయండి, తడిపి బుడగలు పోయేలా రుద్దాకే చూడండి. ఏది లేతదో వేసే మనిషికి తెలియకూడదు. నంబర్లు ఇంకొకరు వేయాలి, లేకపోతే సగం మునిగినదాన్ని మనకు కావలసినట్టు చదువుతాం. అన్నిటికంటే ముందు, ఏం చూస్తే మాట మార్చుకుంటారో ఇద్దరూ కాగితం మీద రాయండి. "ఒక్కటి తేలినా మెసేజ్ తప్పని ఒప్పుకుంటా" అని ఒకరు, "ఒక్కటీ తేలకపోతే లేతదనం మాట వెనక్కి తీసుకుంటా" అని ఇంకొకరు. ఇది రాయనివాళ్లతో పరీక్ష దండగ, పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు. బజారు పండులో కార్బైడ్ ఉందో లేదో మాత్రం ఈ బకెట్ చెప్పదు, దానికి ల్యాబ్ కావాలి.

మెసేజ్ పంపిన మామ అబద్ధం చెప్పే మనిషి కాడు, నిజమే. కానీ ఆప్తుడు, అంటే మాట నమ్మదగ్గ మనిషి, కావాలంటే నిజాయితీ ఒక్కటే చాలదు, ఆ విషయం తెలిసి కూడా ఉండాలి. 1877లో క్లిఫర్డ్ అనే ఇంగ్లండు గణితవేత్త ఒక ఓడ యజమాని ఉదాహరణ చెప్పాడు. పాత ఓడ గట్టిదేనని తనకు తాను నచ్చజెప్పుకుని జనాన్ని ఎక్కించాడు. ఓడ క్షేమంగా చేరినా అతని తప్పు తప్పే, అలా నమ్మే హక్కు అతనికి లేదు అన్నాడు క్లిఫర్డ్. ఫార్వర్డ్ నొక్కే వేలికీ అంతే బాధ్యత: ఆ మెసేజ్ చదివి జనం తోపుడుబండి దాటిపోతే, నష్టపోయేది ఏ తప్పూ చేయని, ఆ బండి మీద పండ్లమ్మే ఆమె.

తప్పని తేలితే ఎక్కడ పంపారో అక్కడే దిద్దండి, పాతదాన్ని నిశ్శబ్దంగా తుడిచేస్తే చదివినవాళ్లకు తెలియదు. ఇలా రాస్తే చాలు: "నిన్న నేను పంపిన మామిడి మెసేజ్ సరికాదు. లేతకాయ మందు లేకుండానే తేలుతుంది. మునిగినంత మాత్రాన మందు లేనట్టూ కాదు. పండును కడిగి తినండి. మీరు ఇంకెవరికైనా పంపి ఉంటే ఇది కూడా పంపండి."