వేడెక్కాక లాగడం లేదా? వెబర్ కార్బొరేటర్లు విప్పే ముందు రెండు కాయిల్సూ చూడండి

సమస్య

చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ చక్కగా పలుకుతుంది. ఓ ఇరవై నిమిషాలు రోడ్డు మీద తిప్పాక పికప్ మందగిస్తుంది. గట్టిగా మిస్సింగ్ కొట్టదు, ఆగిపోదు. పై ఆర్‌పీఎంలో మాత్రం లాగనని మొండికేస్తుంది. నీళ్లతో చల్లబడే ఇంజనైతే టెంపరేచర్ ముల్లు రోజూ ఉండే చోటు కంటే పైన నిలబడుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే సైలెన్సర్‌లో పటపటా పేలుతుంది. గంటసేపు ఆపి చల్లారనిస్తే మళ్లీ అంతా బాగుంటుంది.

ఒక్కో సిలిండర్‌కి రెండు స్పార్క్ ప్లగ్గులున్న పాత రేసింగ్ వంశపు బండ్ల గురించి చెబుతున్నాను. ఆల్ఫా రోమియో జూలియా స్ప్రింట్ జీటీఏ, దాని తమ్ముడు జీటీఏ 1300 జూనియర్, నాలుగు క్యామ్‌షాఫ్టుల ఇంజనున్న పోర్షా 356 కరేరా, 904 లాంటివి. ఇవి చేతిలో ఉన్నవాళ్లకి కార్బొరేటర్ ట్యూన్ చేయడం, పాయింట్ల గ్యాప్ పెట్టడం వచ్చే ఉంటుంది కాబట్టి అవి మళ్లీ చెప్పను.

ఈ లక్షణాలు వినగానే అందరి చేయీ కార్బొరేటర్ల మీదికే పోతుంది. జెట్లు మారుస్తారు, ఫ్లోట్ లెవెల్ సరిచేస్తారు, పెట్రోల్ పంపు కొత్తది వేస్తారు. ఆఖరికి రేడియేటర్ కూడా విప్పుతారు. పది నిమిషాల్లో తేలిపోయే పరీక్ష ఒకటుంది, అది మాత్రం చేయరు.

ముందు చేయాల్సిన పరీక్ష

ఈ ఇంజన్లలో ఇగ్నిషన్ వరసలు రెండుంటాయి. ఒక్కో వరసకి ఒక కాయిల్ (బ్యాటరీ కరెంటును ప్లగ్గు వెలిగేంత వోల్టేజీకి పెంచేది), ఒక పాయింట్ల సెట్ (ఆ కరెంటును సరైన క్షణంలో తెంపే స్విచ్చు), ఒక కండెన్సర్ (పాయింట్లు విడిపోయేటప్పుడు అవి కాలకుండా కాపాడే చిన్న డబ్బా). ప్రతి సిలిండర్‌లో ఒక ప్లగ్గు మొదటి వరసది, రెండోది రెండో వరసది. జీటీఏలో రెండు వరసల పాయింట్లూ ఒకే డిస్ట్రిబ్యూటర్‌లో (ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచేది) ఉంటాయి, అందుకే దాని మూత మీంచి ఎనిమిది ప్లగ్గు వైర్లు బయల్దేరతాయి. పోర్షా నాలుగు క్యామ్‌ల ఇంజన్‌కి డిస్ట్రిబ్యూటర్లే రెండు.

బండిని బాగా తిప్పండి. లక్షణం మొదలయ్యాక, చల్లారే లోపే, ఆపి బానెట్ తెరవండి. ఇంజన్ ఆపి, ఒక కాయిల్ నుంచి పాయింట్లకు వెళ్లే సన్న వైరు తీయండి. కొసకి టేపు చుట్టి మళ్లీ స్టార్ట్ చేయండి. ఒక్క వరస మీద ఇంజన్ నడవాలి. ఐడిల్ కొంచెం తగ్గుతుంది, అంతే. తర్వాత న్యూట్రల్‌లో మూడు వేల ఆర్‌పీఎం దాకా మెల్లగా ఎత్తి చూడండి. ఇప్పుడు ఇంజన్ ఆపి ఆ వైరు తిరిగి పెట్టి, రెండో కాయిల్‌ది తీసి ఇదే పని చేయండి.

రెండు సార్లూ ఒకేలా నడిస్తే ఇగ్నిషన్‌ని వదిలేసి పెట్రోల్ వైపు వెళ్లండి. ఒకసారి నడిచి, రెండోసారి స్టార్టే కాకపోతే లక్షణం మొదలైనప్పటి నుంచీ మీరు సగం ఇగ్నిషన్ మీదే తిరుగుతున్నారన్న మాట, వైరు తీయకుండా ఉంచిన వరసే చచ్చింది. ఐడిల్‌లో నడిచి, పైకి ఎత్తగానే దగ్గితే అప్పుడు ఇంజన్‌ని నడుపుతున్న వరస పూర్తిగా పోలేదు, బలహీనపడింది. దీన్ని చాలామంది పట్టుకోలేకపోతారు, ఐడిల్ చూసి బాగానే ఉందనేస్తారు. గ్యారేజీలో చల్లటి ఇంజన్ మీద చేసిన పరీక్ష అసలు లెక్కలోకే రాదు. చల్లగా ఉంటే రెండు వరసలూ బ్రహ్మాండంగా పనిచేస్తాయి.

అసలు కారణం, దాని వెనక దాక్కున్న ప్రమాదం

మామూలు ఇంజన్‌లో కండెన్సర్ పోతే బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది, ఎవరికైనా తెలుస్తుంది. ఫెరారీ 250 జీటీఓకి కూడా డిస్ట్రిబ్యూటర్లు రెండే, కానీ ఒక్కోటి ఆరు సిలిండర్లకి. ఒకటి పోతే పన్నెండులో ఆరు నిద్రపోతాయి, ఆ మోత దాచినా దాగదు. రెండు ప్లగ్గుల ఇంజన్‌లో అలా కాదు. ఒక వరస మొత్తం చచ్చినా ప్రతి సిలిండర్‌లోనూ ఇంకో ప్లగ్గు మండిస్తూనే ఉంటుంది.

మరి తేడా ఎక్కడొస్తుంది? అర్ధగోళం లాంటి వెడల్పాటి దహనగది, దానిలోకి పొడుచుకొచ్చే పిస్టన్ తల ఉన్న ఇంజన్‌లో మంట ఒక చివర నుంచి ఇంకో చివరకు పాకడానికి టైమ్ పడుతుంది. రెండు చోట్ల ఒకేసారి అంటిస్తే ఆ దూరం తగ్గుతుంది. 1965లో ఆమ్‌స్టర్‌డామ్ షోలో వచ్చిన జీటీఏ 1,570 సీసీ ఇంజన్‌కి రెండు ప్లగ్గుల హెడ్ పెట్టింది అందుకే. ఒక ప్లగ్గు ఆగిపోతే మంట నెమ్మదిస్తుంది. టైమింగ్, అంటే ప్లగ్గు వెలిగే క్షణం, వెనక్కి తిప్పినట్టే అవుతుంది. శక్తిగా మారాల్సిన వేడి ఎగ్జాస్ట్ వాల్వుల మీదుగా, నీళ్లలోకి పోతుంది. పికప్ లేకపోవడం, టెంపరేచర్, సైలెన్సర్ పేలుళ్లు, మూడూ ఈ ఒక్క చోటు నుంచే వస్తున్నాయి.

ఇక్కడే అసలు నష్టం మొదలవుతుంది. దయచేసి ఈ భాగం వదిలేయకండి. బండి మందంగా ఉందని ఎవరో టైమింగ్ ముందుకు తిప్పుతారు. వెంటనే పికప్ వస్తుంది, ఎందుకంటే నెమ్మదిగా మండే మిశ్రమానికి ముందుగా అంటించడం సరిపోతుంది. అందరూ సంతోషిస్తారు. మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్‌లో రెండో వరస మళ్లీ బతుకుతుంది. ఇప్పుడు రెండు ప్లగ్గులూ వెలుగుతున్నాయి, టైమింగ్ మాత్రం ఒక్క ప్లగ్గుకి పెట్టింది. ఫుల్ యాక్సిలరేటర్ మీద నాకింగ్ (మంట చేరకముందే మిశ్రమం తనంతట తానే పేలడం) మొదలవుతుంది. కార్బొరేటర్ల గర్జనలో అది వినిపించదు. పిస్టన్ అంచులు విరిగినా, తలకి చిల్లు పడినా బయటపడేది ఇంజన్ విప్పాకే. ఇలా పాడైన పిస్టన్లు చేతిలోకి తీసుకుని చూశాను. కారణం ప్రతిసారీ ఒకటే: ఎవరో వేడి మీద రెండు వైర్లు తీసి చూడలేదు. అలాంటి ఇంజన్‌కి విడిభాగాలు దొరకడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే, వేడి ఇంజన్ మీద రెండు వరసలూ పనిచేస్తున్నాయని తేలేదాకా డిస్ట్రిబ్యూటర్ తిప్పొద్దు, జెట్ మార్చొద్దు.

వరస చావడానికి ఎక్కువసార్లు కారణం కండెన్సర్. లోపల రేకు పొర, ఇన్సులేషన్ పొర చుట్టచుట్టి ఉంటాయి. వేడికి లోపలి అతుకు వదులైనా, ఇన్సులేషన్‌లోంచి కరెంటు కారినా అది పనిచేయదు. రేస్‌లో బండి ఎప్పుడూ వేగంగానే ఉంటుంది, ఇంజన్ చుట్టూ గాలి ఆడుతుంది. రోడ్డు మీద సిగ్నల్ దగ్గర నిలబడితే డిస్ట్రిబ్యూటర్ ఆ వేడిలో మగ్గుతుంది. కొత్తది వేశాం కదా అనే మాట నన్ను ఒప్పించదు. ఇప్పుడు దొరికే కొత్త కండెన్సర్లలో నాసిరకం చాలా ఉంది. కొత్తదైనా వేడి మీద పరీక్షించాకే నమ్మండి.

పరిష్కారం

అనుమానం ఉన్న వరస పాయింట్లు చూడండి. నల్లగా కాలి గుంటలు పడి ఉంటే, ఇంజన్ తిరుగుతున్నప్పుడు వాటి మధ్య పెద్ద నీలం మెరుపు కనిపిస్తే కండెన్సర్ సంగతి దాదాపు తేలినట్టే. బయటికి తీసి మీటర్‌తో కొలవండి. ఇలాంటివాటికి సాధారణంగా 0.2 నుంచి 0.25 మైక్రోఫారడ్ దాకా రావాలి. తర్వాత హెయిర్ డ్రైయర్‌తో వేడిచేస్తూ మళ్లీ కొలవండి. అంకె ఊగితే పారేయండి. అంకె నిలకడగా ఉన్నా పూర్తిగా నమ్మొద్దు, మామూలు మీటర్ లీకేజీని పట్టుకోలేదు. తేల్చే పద్ధతి సులువు: రెండు వరసల కండెన్సర్లూ ఒకదాని చోట ఒకటి మార్చి, బండి వేడెక్కించి, వైరు పరీక్ష మళ్లీ చేయండి. జబ్బు రెండో వైపుకి మారితే దోషి దొరికింది.

మార్చేటప్పుడు రెండూ కలిపి మార్చండి, కాలిన పాయింట్లు కూడా. ఆ తర్వాత రెండు వరసలకీ విడివిడిగా టైమింగ్ లైట్ పెట్టండి. జీటీఏలో రెండు ప్లగ్గులూ ఒకే క్షణంలో వెలగాలి. రెండు పాయింట్ల సెట్ల మధ్య మూడు డిగ్రీల తేడా ఉన్నా ఇంతసేపూ పడ్డ శ్రమ వృథా. అంతకుముందు ఎవరైనా టైమింగ్ ముందుకు తిప్పి ఉంటే, దాన్ని తిరిగి పుస్తకంలో ఉన్న చోటికి తేకుండా బండిని రోడ్డెక్కించొద్దు.

కండెన్సర్ కాకపోతే కాయిల్, అదీ కాకపోతే డిస్ట్రిబ్యూటర్ లోపలి ప్లేటుకున్న సన్నటి ఎర్త్ తీగ. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టించుకున్నా ఇదే పరీక్ష చెల్లుతుంది. మాడ్యూల్ కూడా వేడికే పోతుంది.

మిగతావి

వేడిగా ఆపి పది నిమిషాల తర్వాత స్టార్ట్ కాకపోతే అది కార్బొరేటర్‌లో పెట్రోల్ మరిగిపోవడం. నడుస్తున్నప్పుడు పికప్ పోవడానికి దానికీ సంబంధం లేదు. చాలాసేపు వేగంగా వెళ్లాక పెట్రోల్ అందనట్టు ఆగుతుంటే ట్యాంకు మూత తెరవండి. గాలి బుస్సుమని లోపలికి పీల్చుకుంటే గాలి రంధ్రం మూసుకుపోయింది. ట్రాఫిక్‌లో మిస్సింగ్ కొట్టి హైవే ఎక్కగానే బాగుపడితే, ఎవరో రేసుకి పనికొచ్చే కోల్డ్ ప్లగ్గులు (వేడిని త్వరగా వదిలేసేవి) బిగించారు, రోడ్డుకి తగ్గవి వేయండి. హెడ్ గ్యాస్కెట్, క్యామ్ టైమింగ్ లాంటివి ఇంజన్ చల్లారగానే వాటంతటవే బాగుపడవు, ఈ లక్షణానికి వాటి జోలికి వెళ్లొద్దు.