ఏటి నీటితో సాగయ్యే మెట్ట ప్రాంతపు పొలంలో ఉప్పు లెక్క చూసుకునే పద్ధతి

వాన తక్కువగా పడే ప్రాంతాల్లో ఏటి నీటిని కాలువ ద్వారా పొలానికి తెచ్చుకునే రైతు తన వంతుకు ఎంత నీరు వచ్చిందో జాగ్రత్తగా చూసుకుంటాడు గాని, ఆ నీటితోపాటు ఎంత ఉప్పు వచ్చిందో చూసుకోవడం అరుదు. మొక్క నీటిని పీల్చుకుంటుంది, ఎండ నేలలోని తడిని ఆవిరి చేస్తుంది. ఉప్పు మాత్రం ఈ రెండు దారుల్లోనూ దాదాపుగా బయటికి పోదు. దాన్ని వేళ్ల కిందికి దించి పొలం దాటించడానికి వేరే దారి ఉండాలి. ఆ దారి చివర ఎవరి నీరు ఉందో కూడా తెలిసి ఉండాలి. పొలం లోపలి పని, నది మీది ఒప్పందం వేర్వేరు విషయాలుగా కనిపిస్తాయి గాని, ఉప్పు వైపు నుంచి చూస్తే రెండూ ఒకే లెక్కలోకి వస్తాయి.

మొదట కాలువ నీటిని కొలవాలి

చేతిలో ఇమిడే ఈసీ మీటరు (నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో చూసి ఉప్పును అంచనా వేసే పరికరం) ఒకటి ఉంటే ఈ పనికి చాలు. అది చూపే లవణ సూచిక మీటరుకు 1 డెసిసీమెన్స్ (ఆ మీటరు వాడే కొలమానం) అయితే, లీటరు నీటిలో సుమారు 640 మిల్లీగ్రాముల ఉప్పు కరిగి ఉందని అర్థం. ఉదాహరణకు కాలువ నీటి సూచిక 1.5 అనుకుందాం. ఇది సేద్యానికి పనికిరాని నీరేమీ కాదు. కానీ ఒక పంటకాలంలో 500 మిల్లీమీటర్ల నీరు పెడితే హెక్టారుకు 5,000 ఘనపు మీటర్లు అవుతుంది. ఆ నీటితోపాటు దాదాపు 4.8 టన్నుల ఉప్పు పొలంలోకి చేరుతుంది. ఏటి నీటి సూచిక ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వరద కాలంలో తగ్గుతుంది, ప్రవాహం సన్నబడిన నెలల్లో పెరుగుతుంది. అందువల్ల ఒకసారి కొలిచి వదిలేయకుండా, నీరు వచ్చే ప్రతి వంతులో తూము దగ్గర కొలిచి తేదీతో సహా రాసుకోవాలి.

నేల పరీక్షకు మట్టి తీసేటప్పుడు పై పొర ఒక్కటే తీస్తే ఉప్పు ఎటు కదులుతోందో తెలియదు. 0–15, 15–30, 30–60, 60–90 సెంటీమీటర్ల లోతుల్లో విడివిడిగా నమూనాలు తీయాలి. తెల్లగా పూసిన చోటి మట్టిని బాగా పండే చోటి మట్టితో కలపకూడదు. పై పొరలో ఉప్పు ఎక్కువగా ఉండి లోతుకు పోయేకొద్దీ తగ్గుతుంటే, అడుగు నుంచి చెమ్మ పైకి ఎగబాకి ఉప్పును తెస్తోందని అనుమానించాలి. లోతుకు పోయేకొద్దీ పెరుగుతుంటే, పెట్టిన నీరు ఉప్పును కిందికి నెడుతోందన్నమాట. పరీక్ష కాగితం అందుకున్నప్పుడు ఏ పద్ధతిలో కొలిచారో తప్పకుండా అడగాలి. పంటలు తట్టుకునే హద్దులుగా చెప్పే అంకెలన్నీ మట్టిని ముద్దగా తడిపి, అందులోంచి లాగిన నీటిలో కొలిచినవి. ఒక పాలు మట్టికి ఐదు పాళ్ల నీరు కలిపి కొలిస్తే అంకె ఎన్నో రెట్లు తక్కువగా వస్తుంది. ఈ తేడా తెలియక, నేల బాగానే ఉందని నమ్మి నష్టపోవడం చాలా సులభం.

తెల్ల చౌడా, కారు చౌడా

ముద్ద పద్ధతిలో సూచిక 4 దాటితే ఆ నేలను ఉప్పు నేల, అంటే తెల్ల చౌడు, అంటారు. సూచిక 4 కంటే తక్కువే ఉండి, వినిమయ సోడియం (మట్టి రేణువులను పట్టుకుని ఉన్న సోడియం వాటా) 15 శాతం దాటి, ఉదజని సూచిక (పీహెచ్) 8.5 కంటే ఎక్కువగా ఉంటే అది కారు చౌడు. ఈ రెండింటికీ వైద్యం ఒకటి కాదు. తెల్ల చౌడును మంచి నీటితో కడగవచ్చు. కారు చౌడును అలాగే కడిగితే సోడియం పట్టిన బంకమన్ను రేణువులు విడిపోయి రంధ్రాలను పూడ్చేస్తాయి; ఆ తర్వాత నీరు కిందికి దిగదు, ఎండితే నేల రాయిలా గట్టిపడుతుంది. ఇంట్లోనే చేయదగిన చిన్న పరీక్ష ఒకటి ఉంది. గాజు సీసాలో వాన నీరు గాని బాగా శుద్ధి చేసిన నీరు గాని పోసి, గుప్పెడు మట్టి వేసి కలిపి, మర్నాటి దాకా కదపకుండా ఉంచాలి. మట్టి కిందికి దిగి నీరు తేరుకుంటే సరే. అప్పటికీ నీరు బురదగానే ఉంటే కడగడం మొదలుపెట్టే ముందు ప్రయోగశాలలో సోడియం చూపించుకోవాలి.

కారు చౌడుకు జిప్సం వేయాలి. జిప్సంలోని కాల్షియం రేణువులను పట్టుకున్న సోడియంను తప్పిస్తుంది. అలా విడుదలైన సోడియంను నీటితో కిందికి కడగాలి. జిప్సం వేసి ఊరుకుంటే సగం పనే జరిగినట్టు. ఎంత వేయాలన్నది పరీక్షను బట్టి ఉంటుంది. పై 30 సెంటీమీటర్ల మట్టిలో ప్రతి కిలోకు 10 మిల్లీ ఈక్వివలెంట్ల (ప్రయోగశాలవారు వాడే కొలమానం) సోడియంను తప్పించాలంటే, లెక్క ప్రకారం హెక్టారుకు సుమారు 3.5 టన్నుల స్వచ్ఛమైన జిప్సం కావాలి. సరుకులో స్వచ్ఛత తక్కువైతే ఆ మేరకు పెంచాలి.

అడుగున నీరు ఎంత లోతులో ఉంది

నా ఉద్దేశంలో అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యే కొలత ఇదే. మూడు మీటర్ల గొట్టానికి కింది భాగంలో చిల్లులు పెట్టి, చుట్టూ గులకరాళ్లు నింపి పొలంలో నిలువుగా పాతి, వారానికొకసారి తాడు దించి నీటి మట్టం చూడాలి. మట్టం మీటరున్నర కంటే పైకి వచ్చిందంటే, ముఖ్యంగా ఒండ్రు నేలల్లో, చెమ్మ పైకి ఎగబాకి ఉపరితలంలో ఆవిరై ఉప్పును వదిలిపోతుంది. ఈ స్థితిలో కడగడానికి పెట్టిన నీరు మట్టాన్ని ఇంకా పైకి తెస్తుంది. కొన్ని వారాల తర్వాత ఉప్పు మళ్లీ పైన పూస్తుంది. అందుకే ముందు మురుగు కాలువ, అంటే నేలలోంచి దిగే అదనపు నీటిని పొలం దాటించే కాలువ, ఆ తర్వాతే కడగడం. మురుగు కాలువలు గాని, నేలలో పాతే చిల్లుల గొట్టాలు గాని మట్టాన్ని వేళ్ల కింద నిలిపి ఉంచేంత లోతులో ఉండాలి. పైపైన తీసిన కాలువ వాన నీటిని తీసుకుపోతుందే తప్ప ఊట నీటిని లాగదు. ఎక్కువ నీరు తాగే చెట్లను గట్ల మీద నాటి మట్టం దించుకోవచ్చు. అయితే చెట్టు నీటినే తీసుకుపోతుంది, ఉప్పు దాని వేళ్ల చుట్టూనే పోగవుతుందని మరచిపోకూడదు.

కడగడానికి ఎంత నీరు

ప్రతి పంటకూ దాని అవసరానికి మించి కొంత నీరు పెడితేనే వేళ్ల దగ్గరి ఉప్పు కిందికి దిగుతుంది. ఆ అదనపు వాటాకు వాడుకలో ఉన్న సూత్రం చాలా సులభం. పంట దిగుబడి తగ్గకుండా తట్టుకోగల నేల సూచికను ఐదుతో గుణించి, అందులోంచి నీటి సూచికను తీసివేయాలి. వచ్చిన అంకెతో నీటి సూచికను భాగించాలి. గోధుమ 6 దాకా తట్టుకుంటుంది కాబట్టి, నీటి సూచిక 1.5 అయినప్పుడు 1.5ను 28.5తో భాగిస్తే దాదాపు 5 శాతం వస్తుంది. మొక్కజొన్న 1.7 దాకానే తట్టుకుంటుంది. అదే నీటితో దానికి 21 శాతం కావాలి. రెండు పంటల అవసరమూ 500 మిల్లీమీటర్లే అనుకున్నా, గోధుమకు మొత్తం 528 మిల్లీమీటర్లు పెట్టాలి, మొక్కజొన్నకు 636. హెక్టారుకు 1,000 ఘనపు మీటర్లకు పైగా తేడా కేవలం పంట ఎంపిక వల్లనే వచ్చింది. నీటి వాటా పెరగదని తెలిసినచోట ఇంతకంటే చౌకగా నీటిని ఆదా చేసే మార్గం నాకు కనిపించదు. బార్లీ 8 దాకా, పత్తి 7.7 దాకా తట్టుకుంటాయి, ఉల్లి 1.2 దగ్గరే, చిక్కుడు 1 దగ్గరే దెబ్బతినడం మొదలవుతుంది. ఎంత తట్టుకునే పంటయినా మొలక దశలో సున్నితంగానే ఉంటుంది కాబట్టి, ఉన్నవాటిలో మంచి నీటిని ఆ దశకు దాచాలి.

ఇప్పటికే ఉప్పెక్కిన నేలను బాగుచేయాలంటే లెక్క మారుతుంది. మడి కట్టి నిలవ నీరు పెట్టే పద్ధతిలో, ఎంత లోతు నేలను కడగాలో అంత లోతు నీరు దిగితే కరిగే ఉప్పులో 70 నుంచి 80 శాతం పోతుందని స్థూలమైన లెక్క. నీటిని ఏకధాటిగా నిలపకుండా, ఒక విడత పెట్టి, అది ఇంకాక కొన్ని రోజులు ఆగి, మళ్లీ పెడితే తక్కువ నీటితో అదే ఫలితం దక్కుతుంది. చిన్న రంధ్రాల్లో ఉన్న ఉప్పు బయటికి రావడానికి ఆ విరామం అవసరం. ఎండలు తక్కువగా ఉండే కాలంలో ఈ పని చేయాలి. మధ్య ఆసియాలోని అమూదర్యా నది దిగువన, ఉజ్బెకిస్తాన్‌లోని ఖోరెజ్మ్, కరకల్పక్‌స్తాన్ ప్రాంతాల్లో రైతులు పత్తి విత్తే ముందు, చలికాలం చివర పొలాలను ఇలాగే కడుగుతారు.

చాళ్ల పద్ధతిలో నీరు పెట్టినప్పుడు ఉప్పు బోదె నెత్తి మీదికి చేరుతుంది కాబట్టి, విత్తనం అక్కడ కాకుండా బోదె పక్క వాలులో పడాలి. బిందు సేద్యంలో ఉప్పు తడి గుండ్రం అంచున పేరుకుంటుంది. చిన్న జల్లు పడితే అది వేళ్ల వైపు కొట్టుకొస్తుంది. అందుకే వాన పడుతోందని డ్రిప్ ఆపేయకూడదు, జల్లు ఆగేదాకా నడపాలి.

పొలం దాటిన ఉప్పు

ఇక్కడి నుంచి పని ఒక్కడిది కాదు. కాలువ మొదట్లో ఉన్నవారు అవసరానికి మించి పెట్టుకునే నీరు అడుగున చేరి, వారి చేలలోనూ పక్క చేలలోనూ మట్టాన్ని పెంచుతుంది. చివరి భూములవారికి కడగడానికి మిగిలేది ఉండదు. అందువల్ల కాలువ కింది రైతులు వంతులు పంచుకునేటప్పుడు కడిగే తడిని వేరుగా రాసుకుని, ఒక్కొక్క సీజనులో ఒక్కొక్క భాగానికి ఇచ్చుకోవడం మేలు.

అదే పని రెండు దేశాల మధ్య ఎంత కష్టమవుతుందో అమెరికా నుంచి మెక్సికోలోకి పారే కొలరాడో నది చూపింది. 1944 ఒప్పందం మెక్సికోకు ఏటా 15 లక్షల ఎకరా-అడుగుల (ఎకరం నేల మీద అడుగు లోతు నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు) నీరు ఇవ్వాలని చెప్పింది. ఆ నీటిలో ఉప్పు ఎంత ఉండవచ్చో చెప్పలేదు. 1961లో అరిజోనాలోని వెల్టన్-మోహాక్ ఆయకట్టు నుంచి తోడిన ఉప్పు మురుగు నదిలోకి రావడంతో మెక్సికోలోని మెక్సికాలి లోయకు అందే నీరు ఉప్పెక్కి పంటలు దెబ్బతిన్నాయి. పన్నెండేళ్ల తర్వాత, 1973లో, 242వ నంబరు అంగీకారం కుదిరింది. సరిహద్దు దగ్గరి మొరెలోస్ ఆనకట్టకు ఎగువన మెక్సికోకు అందించే నీటిలోని ఉప్పు, అమెరికాలోని ఇంపీరియల్ ఆనకట్ట దగ్గరి నీటి కంటే సగటున 115 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లకు 115 పాళ్లు, (30 అటూ ఇటూ) మాత్రమే ఎక్కువ ఉండవచ్చని అందులో రాసుకున్నారు. చిన్న కాలువ మీద కుదుర్చుకునే ఒప్పందంలోనూ ఇలాంటి వాక్యం ఒకటి ఉండాలి: ఎంత నీరు అన్నదానితోపాటు ఎంత సూచిక దాకా, ఏ తూము దగ్గర కొలిచి అన్నది.

మురుగు నీటిని మళ్లీ వాడదలచినవారు దాన్ని మంచి నీటితో కలిపి మొత్తాన్ని మధ్యరకం చేసుకోవడం కంటే, మొలక దశలో మంచి నీరు, పంట ముదిరాక మురుగు నీరు ఇలా మార్చి మార్చి పెట్టడం మంచిది. చివరకు వాడడానికి వీలులేని నీటిని ఆవిరి చెరువులోకి పంపవలసి వస్తే, అందులో సెలీనియం (ఎక్కువైతే జీవులకు విషమయ్యే మూలకం) వంటివి పోగవుతున్నాయేమో చూడాలి. కాలిఫోర్నియాలోని కెస్టర్‌సన్ చెరువుల్లో 1983లో పక్షి పిల్లలు అవకరాలతో పుట్టినట్టు బయటపడింది ఈ కారణంగానే.

నోటు పుస్తకంలో ప్రతి వారం నాలుగు అంకెలు రాయాలి: తూము దగ్గరి సూచిక, మురుగు కాలువలోని సూచిక, మురుగు ప్రవాహం, గొట్టంలోని నీటి మట్టం. మురుగు సూచిక కాలువ నీటికి దగ్గరగా ఉంటే నీరు వేళ్లను తాకకుండా వృథాగా జారిపోతోంది, తడి తగ్గించాలి. కాలువ నీటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండి మురుగు పారుతుంటే ఉప్పు కదులుతోంది. మురుగు కాలువ ఎండిపోయి, గొట్టంలో మట్టం లోతుగానే ఉంటే, లోనికి వచ్చిన ఉప్పు వేళ్ల దగ్గరే ఉండిపోతున్నట్టు. వచ్చే వంతులో కడిగే తడి పెట్టాలి.