భూటాన్‌కి ఉస్తాదుగా వెళ్తున్నారా? పెట్టె సర్దే ముందు ఇది చదవండి

పోయిన నెల యాప్రాల్‌లో మా వీధి చివర టీకొట్టు దగ్గర ఒక కుర్ర హవల్దారు పట్టుకున్నాడు. "సాబ్, నాకు ఇమ్‌ట్రాట్ పోస్టింగ్ వచ్చింది, ఏమేం కొనుక్కోవాలి?" అన్నాడు. కొనడం సంగతి తర్వాత చూద్దాం గానీ, నీ జీతం పడే అకౌంట్ ఏటీఎం పిన్ మీ ఆవిడకి తెలుసా అని అడిగాను. బిత్తరపోయి చూశాడు. అందుకే ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇమ్‌ట్రాట్ అంటే భూటాన్‌లో ఉండే మన సైనిక శిక్షణ బృందం. 1962 నుంచి హా అనే లోయలో ఉంది, రాయల్ భూటాన్ ఆర్మీ వాళ్లకి శిక్షణ ఇస్తుంది. అంటే మీరు వెళ్లేది యుద్ధానికి కాదు, వేరే దేశం సైన్యంలో కూర్చుని పాఠం చెప్పడానికి, మన ఫౌజీ భాషలో ఉస్తాదుగా. యుద్ధం కాదు కదా తేలికే అనుకుంటారు, నేనూ అలాగే అనుకుని వెళ్లాను.

ముందు ఇల్లు. ఆర్డరు చేతికి రాగానే కుటుంబాన్ని తీసుకెళ్లే వీలుందో లేదో అందులో చూసుకోండి, లేకపోతే యూనిట్ క్లర్కుని అడగండి, పక్కవాడు చెప్పింది నమ్మి స్కూల్లో టీసీ తీసుకోకండి. పెళ్లి, పిల్లల పుట్టుక, అన్నీ పార్ట్ టూ ఆర్డరులో, అంటే మీ సర్వీస్ రికార్డులో నమోదయ్యే ఉత్తర్వులో, ఎక్కాయా, ప్రావిడెంట్ ఫండ్‌లో, ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో నామినీ పేరు సరిగ్గా ఉందా చూడండి. పెళ్లికి ముందు అమ్మ పేరు రాసి, ఆ తర్వాత ఆ కాగితం ముఖమే చూడనివాళ్లు ఎంతమందో. పేరు స్పెల్లింగ్ ఆధార్‌లో ఒకలా, సర్వీస్ రికార్డులో ఒకలా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. తిరుమలగిరి మిలటరీ హాస్పిటల్లో చూపించుకోవడానికి కావాల్సిన డిపెండెంట్ కార్డులు అమ్మానాన్నల చేతిలో ఉండాలి, మీ ట్రంకు పెట్టెలో కాదు.

అసలు తలనొప్పి ఓటీపీ. నేను వెళ్లిన కొత్తలో పిల్లాడి ఫీజు కట్టడానికి మా ఆవిడ స్కూలు కౌంటర్ దగ్గర నిలబడింది. బ్యాంకు ఓటీపీ నా ఫోన్‌కి వస్తుంది, నా ఫోనేమో హా లోయలో సిగ్నల్ లేకుండా నా ట్రంకులో పడి ఉంది. ఫీజు ఆలస్యమైందని ఆ స్కూలు వాళ్లు ఫైన్ వేశారు, ఆవిడ నాకేసిన ఫైన్ దానికంటే పెద్దది. కాబట్టి జాయింట్ అకౌంట్ తీసి, దానికి ఇంట్లో ఉండే నంబరే ఇవ్వండి. గ్యాసు, కరెంటు బిల్లు, ఎల్ఐసీ, అన్నీ ఆ అకౌంట్‌కే తగిలించి, వెళ్లే ముందు ఒక నెల మొత్తం ఆవిడ చేతే కట్టించండి. మీరు పక్కన కూర్చుని చూడండి చాలు, చేయి పెట్టొద్దు. స్థలం, ఇల్లు లావాదేవీలు ఏవైనా మధ్యలో ఉంటే ఆ ఒక్క పనికే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ రాయించండి. బావమరిదే కదా అని అన్నింటికీ కలిపి జనరల్ పవర్ ఇచ్చేసి తర్వాత కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు నాకు తెలుసు.

ఇంట్లో పెద్దవాళ్లకి ఇంకో మాట ముందే చెప్పండి. హా జిల్లా డోక్లాం వైపు ఉంటుంది. 2017లో అక్కడ మనకీ చైనాకీ మధ్య 73 రోజులు ప్రతిష్టంభన నడిచింది గుర్తుందా, మళ్లీ టీవీలో ఆ పేరు వినిపిస్తే మీ అమ్మకి నిద్ర పట్టదు. ఫోన్ రెండు మూడు రోజులు కలవకపోవడం అక్కడ మామూలేనని, కంగారు పడొద్దని చెప్పి, యూనిట్ ద్వారా కబురు చేరే దారి ఏదో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మీరు మాత్రం ఎక్కడున్నారో, ఎవరికి ఏం నేర్పుతున్నారో ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి. ఫొటో అసలే వద్దు.

ఇక ఒళ్లు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తు, హా దాదాపు 2,700. హా నుంచి పారో వెళ్లే దారిలో చేలే లా కనుమ 4,000 మీటర్లకి కాస్త తక్కువ. బయల్దేరడానికి రెండు నెలల ముందు నుంచి వారానికి మూడుసార్లు వీపున 15 కిలోలు వేసుకుని మౌలాలి గుట్ట మెట్లు ఎక్కి దిగండి, దిగడమే ముఖ్యం, మోకాళ్లు పోయేది దిగేటప్పుడే. అయితే ఎంత ఫిట్‌గా ఉన్నా ఎత్తుకి అలవాటు పడటం వేరే సంగతి. బాగా పరిగెత్తేవాడే మొదటిరోజు హీరోలా పరిగెత్తి తలపట్టుకుని కూర్చుంటాడు. వాతావరణానికి అలవాటు పడటానికి ఇచ్చే రోజులన్నీ బుద్ధిగా వాడుకోండి. తలనొప్పి, ఆయాసం, పొడిదగ్గు ఉంటే దాచకుండా డాక్టర్‌కి చెప్పండి.

సామానుకి ఎక్కువ ఆలోచించక్కర్లేదు, చలిబట్టల్లో ముఖ్యమైనవి యూనిట్ ఇస్తుంది. మంచి ఉన్ని మేజోళ్లు నాలుగు జతలు, లోపల వేసుకునే థర్మల్స్ రెండు సొంతంగా కొనండి, లాల్‌బజార్‌లో దొరుకుతాయి. ఆవకాయ గాజు సీసాలో పట్టుకెళ్లొద్దు, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత కింద పాలిథిన్ కవరు బిగించండి. ప్రెషర్ కుక్కర్ చిన్నది ఒకటి తప్పకుండా ఉండాలి. ఆ ఎత్తులో నీళ్లు 91 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో అన్నం పలుకు వదలదు, పప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. డబ్బు గురించి టెన్షన్ వద్దు, అక్కడి ఙుల్‌ట్రమ్ విలువ మన రూపాయితో సమానం, వంద నోట్లు ఎక్కువ ఉంచుకోండి. గడియారం అరగంట ముందుకి తిప్పుకోండి.

ఇప్పుడు అసలు విషయం, పాఠం చెప్పడం. ట్రైనింగ్ సెంటర్‌లో రిక్రూట్లని అరిచినట్టు అక్కడ అరిస్తే మీ పని అయిపోయినట్టే. వాళ్లు మీ కింద పనిచేసేవాళ్లు కాదు, వాళ్ల మీద మీకు కమాండ్ లేదు, తప్పు చేస్తే చెప్పాల్సింది వాళ్ల ఆఫీసర్‌తో, అదీ పక్కకి తీసుకెళ్లి. నేను మొదటి నెలలో ఒక సీనియర్ ఎన్‌సీఓని (మన హవల్దారు లాంటివాడిని) అతని జవాన్ల ముందే కసిరాను. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. తర్వాత మూడు రోజులు క్లాసులో ఒక్కడూ ఒక్క ప్రశ్న అడగలేదు, అదే వాళ్ల సమాధానం. చివరికి ఆయన దగ్గరికెళ్లి టీ తాగి సారీ చెప్పుకున్నాను.

వెళ్లే ముందు వాళ్ల చరిత్ర కాస్త చదవండి. 2003 డిసెంబరులో తమ దక్షిణ అడవుల్లో తిష్ఠ వేసిన ఉల్ఫా, బోడో, కామతాపురి తీవ్రవాదుల శిబిరాల మీదికి వాళ్ల సైన్యమే వెళ్లింది, అప్పటి రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ స్వయంగా ముందుండి నడిపించారు. వీళ్లకేం తెలుసులే అనే ధోరణితో మీరు నిలబడే ఆ క్లాసులో, అడవిలో అసలు కాల్పులు చూసినవాళ్ల దగ్గర పెరిగిన పిల్లలు ఉంటారు.

భాష జోంగ్‌ఖా. హిందీ చాలామందికి అర్థమవుతుంది, చదువు ఇంగ్లీషు మీడియం. అయినా నాలుగు మాటలు నేర్చుకుని వెళ్లండి, "కుజుజాంగ్‌పో లా" అంటే నమస్కారం, "కాదిన్‌ఛే లా" అంటే థాంక్స్. చివర్లో ఆ "లా" మన "అండీ" లాంటిది, అది వదిలేస్తే మాట మోటుగా ఉంటుంది. తినమంటే నోటికి చేయి అడ్డం పెట్టుకుని "మేషు మేషు" అంటారు, అంటే మన ఇళ్లలో మొదటిసారి వద్దండీ అన్నట్టే, ఇంకోసారి అడగాలి. మిమ్మల్ని అడిగినప్పుడూ అంతే. ఎమా దాట్సీ పెడితే జాగ్రత్త, అందులో మిరపకాయ తాలింపు కాదు, అదే కూర, మిగిలింది చీజ్. మా బ్యాచ్‌లో ఒక గుంటూరు కుర్రాడు నవ్వుతూ మొదలుపెట్టి కళ్లు తుడుచుకుంటూ లేచాడు. స్తూపాల చుట్టూ కుడివైపుగానే తిరగండి, మన గుళ్లో ప్రదక్షిణం లాగానే.

క్లాసులో "అర్థమైందా?" అని అడగడం మానేయండి. అందరూ తలూపుతారు. మ్యాప్ రీడింగ్ చెప్పి అడిగితే అందరూ "లా" అన్నారు, తెల్లారి ఫీల్డ్‌లో నాలుగు సెక్షన్లలో (పదిమంది దాకా ఉండే చిన్న జట్లు) మూడు వేరే వాగులోకి దిగిపోయాయి. ఆ రాత్రి వంటింట్లోంచి ఒక పెద్ద బంగాళాదుంప తెచ్చాను, బంగాళాదుంపలకి అక్కడ కొదవ లేదు. సగానికి కోసి, కోసిన వైపు కింద పెట్టి, అడ్డంగా వేలెడు మందాన ముక్కలు తరిగాను. కాగితం మీద పెద్ద ముక్క పెట్టి చుట్టూ పెన్సిల్ గీసి, అది తీసి దాని మధ్యలో తర్వాతి ముక్క, అలా పైదాకా. అలా పడ్డవే కాంటూర్ గీతలు, అంటే మ్యాపులో ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు. అవి దగ్గరగా పడ్డ వైపు ఎందుకు నిట్టనిలువుగా ఉందో ముక్కలు మళ్లీ పేర్చి వాళ్ల చేతే చెప్పించాను. ఇంటర్‌ప్రెటర్ అవసరమే రాలేదు. అప్పటినుంచి ప్రతి పాఠం చివర ఒకడిని పిలిచి, నాకేం తెలియదనుకుని నువ్వు నాకు నేర్పు అనడం మొదలుపెట్టాను. రెండో నెలకల్లా వాళ్ల సొంత ఉస్తాదు చేత పాఠం చెప్పిస్తూ నేను వెనక బెంచీలో కూర్చునేవాడిని. మీరు కూడా మొదటి వారమే ఆ మనిషెవరో కనిపెట్టి, పాఠాలు అతనితో కలిసి రాసుకోండి.

దారి సంగతి: విమానమైతే శంషాబాద్ నుంచి బాగ్‌డోగ్రా. రైలైతే సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కి హౌరా, అక్కడి నుంచి హాసిమారా వైపు, జైగావ్‌లో సరిహద్దు గేటు దాటితే భూటాన్ ఊరు ఫుంత్‌షోలింగ్. తర్వాత అన్నీ మలుపులే, వాంతుల మాత్ర బస్సెక్కాక కాదు, అరగంట ముందు వేసుకోండి. 1961 నుంచి అక్కడ రోడ్లు వేస్తున్న దంతక్ (మన బోర్డర్ రోడ్స్ సంస్థ ప్రాజెక్టు) వాళ్ల బోర్డులు దారంతా కనిపిస్తాయి, అవి చదువుకుంటూ కూర్చుంటే మలుపులు కొంచెం మర్చిపోవచ్చు.

ఒక రెండొందల పేజీల నోటుబుక్కు కూడా బ్యాగులో వేసుకోండి. ఏ పాఠం ఎక్కడ ఆగింది, ఎవరికి ఏది వచ్చింది, ఏ ఆఫీసర్‌తో ఎప్పుడు మాట్లాడితే పని అవుతుంది, రోజూ రాత్రి అర పేజీ రాయండి. తిరిగొచ్చేటప్పుడు దాన్ని మీ స్థానంలోకి వచ్చేవాడి చేతిలో పెట్టండి, అందులో రాసిన మీ సొంత తిట్లు మాత్రం ముందే చించేసి.