ట్యాబ్‌తో బావి కొలిచాం: క్లాస్ ప్రాజెక్టుల్లో ట్యాబ్‌లు, ఫోన్లు ఎలా వాడుకోవచ్చంటే

2022 డిసెంబర్‌లో ఏపీలో గవర్నమెంట్ స్కూళ్ళ 8వ తరగతి పిల్లలకి ట్యాబ్‌లు ఇచ్చినప్పటి నుంచి టీచర్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే, వీడియో పాఠాలు చూపించేశాం, ఇంకేం చేయాలి వీటితో అని. నేను అనంతపురం వైపు ఒక జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. నా జవాబు ఏంటంటే, ట్యాబ్‌ని టీవీలా చూడటం మానేసి టేపులాగా, తక్కెడలాగా వాడండి, అందులో మైకు ఉంది, కెమెరా ఉంది, గడియారం ఉంది, అవన్నీ కొలిచే సామాన్లే. మేం 9వ తరగతితో చేసిన ఒక ప్రాజెక్టు మొదటి నుంచి చివరిదాకా చెప్తాను, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు ప్రశ్న కావాలి. "నీటి సంరక్షణ" అని టాపిక్ ఇచ్చారనుకోండి, పిల్లలు నెట్‌లో కొట్టి, వచ్చింది ప్రింటు తీయించి, చార్టు మీద అంటించి తెస్తారు. మొదటిసారి నేనూ అలాగే ఇచ్చాను, ఆరు గ్రూపులు తెచ్చిన చార్టుల్లో ఒకటే బొమ్మ, ఒకటే పేరా. అందులో పిల్లల తప్పేం లేదు, నెట్‌లో దొరికే జవాబు ఉన్న ప్రశ్న ఇచ్చింది నేనే. రెండోసారి ప్రశ్న మార్చాను: "చెరువుకి హంద్రీ-నీవా నీళ్ళు వదిలాక మన ఊరి బావుల్లో నీళ్ళు పైకొచ్చాయా?" శ్రీశైలం వెనక నీళ్ళు మల్యాల దగ్గర ఎత్తిపోసి కాలువలో మా వైపుకి పంపిస్తారు, ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. కానీ ఫలానా వాళ్ళ బావిలో ఎంత పెరిగింది అంటే ఏ సైటూ చెప్పదు, పోయి కొలవాల్సిందే. ప్రశ్న ఇలా ఉంటే ట్యాబ్‌కి పని దానంతటదే దొరుకుతుంది.

ఇక సామాన్లు. నా క్లాసులో 40 మంది, పనిచేసే ట్యాబ్‌లు ఎనిమిది, కాబట్టి ఐదుగురికి ఒకటి. మనిషికొకటి ఉన్నా సరే నేను గ్రూపుకి ఒకటే తీయిస్తాను, ఎవరిది వాళ్ళకుంటే ఐదుగురూ ఐదు స్క్రీన్లలో మునిగిపోతారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. గ్రూపులో ఒకరు ట్యాబ్ పట్టుకుంటారు, ఒకరు రాయి వదుల్తారు, ఒకరు నోట్సు రాస్తారు, ఒకరు పెద్దవాళ్ళని ప్రశ్నలు అడుగుతారు, ఒకరు తాడు చూసుకుంటారు. బావి మారగానే పనులు కూడా మారాలి, ఇది మీరు దగ్గరుండి మార్పించాల్సిందే. వదిలేస్తే ట్యాబ్ ఒక్క పిల్లాడి చేతిలోనే ఉండిపోతుంది, నోట్సు రాయడం మాత్రం ఎప్పుడూ ఆడపిల్లకే పడుతుంది. ఇంట్లో కూడా ఫోను అన్నకో తమ్ముడికో ఇస్తారు గానీ అమ్మాయికి ఇవ్వరు, కనీసం బడిలోనైనా వాళ్ళ చేతికి వచ్చిందా లేదా అని లెక్క పెట్టుకోండి. ఇదే కారణంతో ఫోను కావాల్సిన పని ఏదీ నేను హోంవర్కుగా ఇవ్వను.

ముందురోజే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. స్కూల్లో ఇచ్చిన ట్యాబ్‌ల్లో వేరే యాప్‌లు ఎక్కకుండా లాక్ ఉండొచ్చు, అలాంటప్పుడు కెమెరా, రికార్డర్ వరకు ట్యాబ్‌లో చేయించి, యాప్ పని టీచర్ల ఫోన్లలో చేయండి, స్టాఫ్‌లో ఇద్దరు ముగ్గురు ఫోన్లిస్తే చాలు. కొన్ని వైఫై ట్యాబ్‌లలో జీపీఎస్ ఉండదు, అది కూడా ముందే తెలుసుకోవాలి. ఛార్జింగ్ ముందురోజు సాయంత్రమే పెట్టించండి, పొద్దున్నే పెడదాంలే అనుకుంటే కరెంటు ఉండదు. స్టోరేజీలో పాత వీడియోలు తీసేయించండి. ఇంకోటి, ఎండలో స్క్రీన్ అస్సలు కనపడదు, వేడికి ట్యాబ్ ఆగిపోతుంది కూడా, అందుకే మేం పొద్దున ఏడున్నరకి బయల్దేరి, గ్రూపుకొక గొడుగో తువ్వాలో పట్టుకెళ్ళాం.

కొలవడానికి మేం వాడింది ఫైఫాక్స్ అనే యాప్, జర్మనీలో ఆకెన్ యూనివర్సిటీ వాళ్ళు చేసింది, ఫ్రీ, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. అందులో అకూస్టిక్ స్టాప్‌వాచ్ అని ఒకటి ఉంది, ఒక శబ్దానికి మొదలై ఇంకో శబ్దానికి ఆగిపోతుంది. రాయి వదిలిన "టక్" నుంచి నీళ్ళలో పడిన "గుభుక్" దాకా ఎన్ని సెకన్లో అదే చెప్తుంది, గురుత్వాకర్షణ పాఠంలో పిల్లలకి సూత్రం ఉండనే ఉంది, కాలాన్ని వర్గం చేసి 4.9తో గుణిస్తే లోతు మీటర్లలో వస్తుంది.

నేరుగా బావి దగ్గరికి పోవద్దు, ముందు బడిలో ప్రాక్టీసు చేయించండి. మొదట చప్పట్లతో, తర్వాత మేడ మీద నుంచి రాయి వదిలి. మా మేడ అంచు నుంచి నేలకి టేపుతో కొలిస్తే 3.2 మీటర్లు, లెక్క ప్రకారం 0.81 సెకన్లు రావాలి. మొదట పిల్లలు రాయి వదుల్తూ నోటితో "టక్" అన్నారు, ఒక్కోసారి ఒక్కో టైం వచ్చింది, ఎందుకంటే నోరు, చెయ్యి ఒకేసారి కదలవు కదా. తర్వాత ఒక చెక్క స్కేలుని గోడ అంచు బయటికి పెట్టి, దాని కొన మీద రాయి ఉంచి, డస్టరుతో స్కేలుని పక్కకి కొట్టాం. కొట్టిన శబ్దం, రాయి పడటం రెండూ ఒకేసారి మొదలవుతాయి. అప్పటి నుంచి 0.79, 0.82, 0.80 ఇలా దగ్గర దగ్గరగా రావడం మొదలైంది. ఈ ఒక్క పీరియడ్ ఖర్చు పెట్టకపోతే బావి దగ్గర గందరగోళమే.

యాప్‌లో రెండు సెట్టింగులు సరిచేసుకోవాలి. ఎంత శబ్దానికి స్పందించాలి అనేది థ్రెషోల్డ్, అది తక్కువ ఉంటే గాలికే ఆగిపోతుంది. ఇంకోటి మినిమమ్ డిలే, మొదటి శబ్దం ప్రతిధ్వనికే ఆగిపోకుండా కాసేపు చెవులు మూసుకోమని చెప్పడం లాంటిది, మేం అర సెకను పెట్టాం. ఫోన్ వాడుతుంటే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో రింగయితే మళ్ళీ మొదటికే వస్తుంది.

బావి దగ్గర జాగ్రత్తలు, ఇవి మాత్రం కచ్చితంగా పాటించండి. చుట్టూ గట్టి గోడ లేని బావి దగ్గరికి పిల్లల్ని పోనివ్వకూడదు, అది లిస్టులోంచి తీసేయండి అంతే. ఒక్కో బావికి ఒక్క గ్రూపు, తోడు ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకరు టీచరు, ఒకరు ఆ బావి తెలిసిన రైతు. గోడ మీదికి వంగడం లేదు, ట్యాబ్ గోడ మీద పెట్టడం లేదు, పట్టుకున్న పిల్ల మెడలో దారంతో ఉండాలి. తాగే నీళ్ళ బావిలో రాయి వేయొద్దు, అక్కడ శుభ్రమైన తాడు మాత్రమే. బోరులో అయితే ఏదీ వేయకూడదు, కింద మోటరు ఉంటుంది.

మొదటి బావి దగ్గర ఏం జరిగిందో చెప్తాను. స్కేలు కొట్టారు, 0.6 సెకన్లకే ఆగింది. మళ్ళీ కొట్టారు, 0.7. అంటే నీళ్ళు రెండున్నర మీటర్ల లోపే ఉన్నట్టు, చూస్తే అంత దూరాన ఎక్కడో మెరుస్తున్నాయి. సంగతేంటంటే గోడ రంధ్రాల్లో పావురాలు, టక్ అనగానే రెక్కలు టపటపలాడించుకుంటూ పైకి లేస్తున్నాయి, ఆ టపటపకి వాచీ ఆగిపోతోంది. అది కనిపెట్టింది నోట్సు రాస్తున్న అమ్మాయి. ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి పావురాలన్నీ వెళ్ళిపోయేదాకా ఆగాం, థ్రెషోల్డ్ కొంచెం పెంచాం, అప్పుడు 1.60 వచ్చింది, మూడుసార్లూ ఆ చుట్టుపక్కలే.

1.60 అంటే లెక్కలో 12.5 మీటర్లు. మీటరుకొక ముడి వేసిన తాడుకి రాయి కట్టి దింపితే తడి 12వ ముడి దగ్గరే ఉంది. అర మీటరు తేడా. ఇక్కడ మీరు జవాబు చెప్పేయకండి, దయచేసి. నేను తాడు తప్పా, యాప్ తప్పా అని అడిగి ఊరుకున్నాను. తాడు సాగిందన్నారు, ముడులు సరిగ్గా లేవన్నారు, టేపు పెట్టి మళ్ళీ కొలిచారు, ముడులు బాగానే ఉన్నాయి. క్లాసుకొచ్చాక కూడా అదే గొడవ, చివరికి ఒక పిల్లాడు "సార్, గుభుక్ అన్న సౌండు పైకి రావడానికి కూడా టైం పడుతుంది కదా" అన్నాడు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు, 12 మీటర్లు ఎక్కి రావడానికి 0.035 సెకన్లు, అది 1.60లోంచి తీసేసి మళ్ళీ లెక్క వేస్తే సరిగ్గా 12. బోర్డు మీద ఆ 12 పడినప్పుడు క్లాసులో లేచిన అరుపులు విని పక్క క్లాసు టీచరు వచ్చి చూశారు. ఆ సూత్రాన్ని నేను చాలా ఏళ్ళుగా చెప్తున్నాను, పిల్లలు దాని కోసం వాదులాడుకోవడం చూసింది మాత్రం అప్పుడే.

అందుకే యాప్ ఒక్కటే కాకుండా పక్కన తాడు కూడా ఉండాలంటాను. స్క్రీన్ మీద అంకె కనపడగానే పిల్లలు నమ్మేస్తారు, రెండో కొలత ఉంటేనే అనుమానం పుడుతుంది.

ఫోటోలు. బావికి మూడు చాలు: దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, తాడు తడిసిన చోట టేపు పెట్టి ఒకటి. లిమిట్ పెట్టకపోతే రెండు వందల ఫోటోలు వస్తాయి, అందులో సగం సెల్ఫీలు. ఫోటో తీసిన వెంటనే పేరు మార్చాలి, గ్రూపు పేరు, బావి నంబరు, తేదీ. జీపీఎస్ చూపే లొకేషన్ అంకెలు నోట్సులో కూడా రాయించండి, ట్యాబ్ రిపేరుకి పోయినా నోట్సు ఉంటుంది.

తర్వాత పెద్దవాళ్ళతో మాటలు. రికార్డర్ ఆన్ చేసే ముందు "తాతా, రికార్డు చేసుకోవచ్చా" అని అడగాలి, ఆయన సరేనన్న మాట కూడా రికార్డులో పడాలి. ప్రశ్నలు నాలుగుకి మించొద్దు, తర్వాత ఊరికే వింటూ ఉండటమే. ఒక తాత "నా పెండ్లప్పుడు మూడు మట్లకే నీళ్ళుండె నాయనా, పొద్దస్తమానం కపిల తోలినా తగ్గేది కాదు" అన్నాడు. కపిల అంటే ఎద్దులతో బావిలోంచి నీళ్ళు తోడటం. మట్టు అంటే ఎంత అని పిల్లలకి తెలీదు, ఒక మనిషి నిలువు అన్నాడాయన. వెంటనే టేపు తీసి తాతనే కొలిచారు, 165 సెంటీమీటర్లు, మూడు మట్లంటే దాదాపు 5 మీటర్లు. ఇప్పుడు అదే బావిలో 12. పట్టికలో "తాత పెళ్ళి నాడు" అని ఒక గడి చేరింది, ఆ గడి నాకు చాలా ఇష్టం.

రికార్డుని రాతలోకి మార్చడానికి జీబోర్డ్ కీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ బాగా పనికొస్తుంది, దీనికి మాత్రం నెట్ పెట్టుకోండి. రికార్డింగ్ స్పీకర్లో పెట్టి వినిపిస్తే సరిగ్గా పడదు, పిల్లలే ఇయర్‌ఫోన్‌తో విని, వాక్యం వాక్యం తిరిగి పలకాలి. తర్వాత తప్పులు దిద్దాలి, మాకు "మట్టు" ప్రతిసారీ "మట్టి" అయింది. ఆ దిద్దడం తెలుగు టీచరుతో కలిసి చేయించండి, వాళ్ళ పీరియడ్ కూడా ఇస్తారు.

పట్టిక, గ్రాఫు గూగుల్ షీట్స్‌లో చేసుకోవచ్చు, కానీ మొదటి గ్రాఫు కాగితం మీదే వేయిస్తాను. ఫైళ్ళు ఒక ట్యాబ్ నుంచి ఇంకోదానికి పంపడానికి నెట్ అక్కర్లేదు, ఆండ్రాయిడ్‌లో క్విక్ షేర్ ఉంది, ట్యాబ్‌కే నేరుగా గుచ్చుకునే ఓటీజీ పెన్‌డ్రైవ్ అయినా సరిపోతుంది.

మేం కొలిచింది రెండుసార్లు, చెరువుకి నీళ్ళు రాకముందు ఒకసారి, వచ్చిన రెండు నెలలకి ఇంకోసారి. చెరువు కట్ట కింద ఆయకట్టు వైపు బావుల్లో నీళ్ళు బాగా పైకొచ్చాయి, ఎగువన గుట్ట వైపు బావుల్లో దాదాపు తేడా లేదు. మధ్యలో వాన పడింది కదా సార్, అది వాన నీళ్ళు కాదని ఎలా చెప్తాం అని ఒకమ్మాయి అడిగింది, మంచి ప్రశ్న. వాన పడితే రెండు వైపులా పడుతుంది, ఎగువ బావులు పెరగలేదు కాబట్టి ఎక్కువ భాగం చెరువుదే అయ్యుండొచ్చు అని వాళ్ళే రాశారు, "అయ్యుండొచ్చు" అన్న మాట నేను తీయనివ్వలేదు. భూగర్భ జల శాఖ పీజోమీటర్ల (భూమిలో నీటి మట్టం కొలిచే బోర్ల) లెక్కలు ఏపీ జలవనరుల సమాచారం ఉండే ఏపీడబ్ల్యూఆర్ఐఎంఎస్ సైట్లో చూడొచ్చు, మీ మండలం లెక్క పక్కన పెట్టి పోల్చమనండి.

చివర్లో మూడు నిమిషాల వీడియో చేయించాం. ఫోను అడ్డంగా పట్టుకోవాలి, మాట్లాడే మనిషికి మైకు రెండడుగుల లోపు ఉండాలి, గాలికి వీపు తిప్పి నిలబడాలి, అంతకు మించి టెక్నిక్ ఏం లేదు. పాటలు, ఎఫెక్టులు వద్దన్నాను. వీడియోని పేరెంట్స్ మీటింగులో చూపించాం, బావుల సొంతదారులూ వచ్చారు. స్టేటస్‌ల్లో, యూట్యూబ్‌లో మాత్రం పెట్టలేదు. 2023లో వచ్చిన డేటా ప్రొటెక్షన్ చట్టంలో పిల్లలంటే 18 ఏళ్ళ లోపు వాళ్ళు, వాళ్ళ వివరాలు వాడాలంటే అమ్మానాన్నల అనుమతి ఉండాలి. చట్టం సంగతి అలా ఉంచినా పిల్లల మొహాలు, ఊరి పేరు, లొకేషన్ కలిపి నెట్‌లో పెట్టడం నాకు ఇష్టం లేదు.

మార్కుల గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను, బడిలో పెట్టే ఇంటర్నల్ పరీక్షల్లో ప్రాజెక్టు పనులకి ఉండే మార్కుల్లో వీడియో అందానికి నేను ఒక్కటీ ఇవ్వను. నోట్సులో కొట్టేసిన అంకెలు, ఎందుకు కొట్టేశారో రాసిన కారణం, తాడుకీ యాప్‌కీ వచ్చిన తేడా మీద రాసిన రెండు వాక్యాలు, వీటికే ఎక్కువ. ట్యాబ్ పట్టుకోని పిల్లకి కూడా ఇందులో మార్కులు వస్తాయి.

అయిపోయాక ట్యాబ్‌ల్లోంచి తాతల రికార్డింగులు, పిల్లల ఫోటోలు తీసేయించండి. పట్టిక, బావుల మ్యాపు మాత్రం స్కూలు కంప్యూటర్లో ఒకటి, ల్యాబు రిజిస్టర్లో చేత్తో రాసింది ఒకటి ఉంచండి, ముడుల తాడు బీరువాలో పెట్టండి. వచ్చే జూన్‌లో 9వ తరగతికి వచ్చేవాళ్ళు అవే బావులు, అదే తాడుతో కొలుస్తారు, ఏ బావిలో పావురాలున్నాయో రిజిస్టర్లో రాసే ఉంది.