ఎక్స్‌రే డిటెక్టర్ కడతారా? ముందు లీక్ సంగతి చూడండి

నక్షత్రాల ఎక్స్‌రేల్ని లెక్కపెట్టే ప్రొపోర్షనల్ కౌంటర్‌కి (గ్యాస్ నింపిన డబ్బా ఇది, ఎక్స్‌రే ఆ గ్యాస్‌లో విడగొట్టిన ఎలక్ట్రాన్లని హై వోల్టేజ్ తీగ లాక్కుని సిగ్నల్ ఇస్తుంది) చిన్న నమూనా కడదామనుకునే స్టూడెంట్స్ ఎంతసేపూ ఎలక్ట్రానిక్స్ గురించే అడుగుతారు, నేనేమో గ్యాస్ సంగతి తేల్చుకుని రమ్మంటాను.

అల్యూమినియం డబ్బా, మధ్యలో 25 మైక్రాన్ల బంగారు పూత టంగ్‌స్టన్ తీగ, ఎక్స్‌రేలు దూరడానికి పల్చటి బెరిలియం కిటికీ, సరుకంటే ఇంతే. తీగ చివర సోల్డర్ ముల్లులా లేవకుండా చూసుకోండి, లేచిందా అక్కడే స్పార్క్ కొడుతుంది. కిటికీకి లోపలివైపు జాలీ ఆనించండి, లేకపోతే వ్యాక్యూమ్ లాగగానే బయటి గాలి దాన్ని లోపలికి నొక్కేస్తుంది.

ఇక ఓ-రింగ్, అంటే మూత కింద గాలి దూరకుండా వేసే రబ్బరు రింగ్. ఓసారి మూడు రోజులు ప్రెజర్ నిలవక వాల్వులన్నీ మార్చేశాం, చివరికి విప్పి చూస్తే రింగ్ మీద అడ్డంగా ఒక్క తలవెంట్రుక! అప్పట్నుంచి లైటు కింద తిప్పి చూడందే మూత వెయ్యను. రాత్రంతా పంప్ నడిపి వాల్వ్ కట్టేసి గేజ్ చూడండి, ప్రెజర్ పెరగడం పోనుపోను నెమ్మదిస్తే అది లోపలి తేమ, ఒకే వేగంతో పెరుగుతూ పోతే లీకే.

తర్వాత పీ-10 గ్యాస్ నింపండి, అంటే 90 శాతం ఆర్గాన్, 10 శాతం మీథేన్. మీథేన్ మండుతుంది, వదిలేది బయటికే వదలండి. ఆక్సిజన్ కొంచెం దూరినా ఎలక్ట్రాన్లని మధ్యలోనే మింగేస్తుంది.

టెస్ట్‌కి ఐరన్-55 అనే రేడియోధార్మిక ఇనుము వాడండి, ల్యాబ్ రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ దగ్గరుండగానే. దాని 5.9 కెఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్ట్, శక్తికి కొలత) ఎక్స్‌రే ఒక్కోటి ఆర్గాన్‌లో సుమారు 220 ఎలక్ట్రాన్లని విడగొడుతుంది. తీగ హై వోల్టేజ్ మెల్లగా పెంచితే, ఏ శక్తి సిగ్నల్ ఎన్నిసార్లు వచ్చిందో చూపే గ్రాఫ్‌లో పెద్ద పీక్, దానికి ఎడమవైపు 3 కెఈవీ దగ్గర చిన్న ఎస్కేప్ పీక్ (కొంత శక్తి గ్యాస్‌లోంచి తప్పించుకుపోతే వచ్చేది) కనిపించాలి, ఆ చిన్నది విడిగా కనిపిస్తే మీ పని బాగున్నట్టే.

2015లో శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆస్ట్రోశాట్ అనే ఖగోళ పరిశోధన ఉపగ్రహంలో టీఐఎఫ్ఆర్ (ముంబైలోని టాటా పరిశోధన సంస్థ) వాళ్ళ జెనాన్ గ్యాస్ కౌంటర్లు మూడున్నాయి, గ్యాస్ శుభ్రం చేసే ప్యూరిఫయర్ కూడా పెట్టారు, అయినా ఒకదాంట్లో లీక్ వచ్చి 2018లో ఆపేశారు. కాబట్టి రోజూ పొద్దున్నే అదే వోల్టేజ్‌లో పీక్ ఏ ఛానెల్‌లో (గ్రాఫ్ అడ్డగీత మీద ఏ గడిలో) ఉందో నోట్‌బుక్‌లో రాయండి, ఎడమకి జరుగుతూ వెడల్పవుతోందంటే ఎలక్ట్రానిక్స్ జోలికి పోకుండా మళ్ళీ ఓ-రింగ్ విప్పండి.