చిన్నపిల్లలతో కరీబియన్ క్రూయిజ్: రేవుల్లో విహారాలను ఎంచుకోవడం ఎలా?

కరీబియన్ దీవుల మధ్య తిరిగే క్రూయిజ్ ఓడ ఒక్కో రేవులో సాధారణంగా ఉదయం ఆగి సాయంత్రం బయల్దేరుతుంది. కాగితం మీద ఎనిమిది గంటలు కనిపించినా, స్థానిక అధికారుల అనుమతి వచ్చేదాకా ఎవరూ దిగలేరు. బయల్దేరే వేళకు కనీసం అరగంట ముందే, కొన్నిసార్లు గంట ముందే, అందరూ తిరిగి ఓడెక్కి ఉండాలి. మధ్యలో మిగిలిన సమయంలోనే పసివాళ్ల భోజనం, డైపర్ మార్పులు, మధ్యాహ్నపు నిద్ర అన్నీ ఇమడాలి. అందువల్ల ఐదేళ్లలోపు పిల్లలున్నవారు షోర్ ఎక్స్‌కర్షన్ల (ఓడ దిగి ఒడ్డున చేసే విహారాల) జాబితాను దీవుల పేరుప్రతిష్ఠలను బట్టి కాక ఒకే ఒక ప్రశ్నతో వడపోయడం మేలు: పిల్లవాడు అలసిపోయి ఇక చాలని మొండికేస్తే, అక్కడి నుంచి ఎంతసేపట్లో ఓడలోని మన గదికి చేరగలం? అరగంటలో అనే జవాబు వస్తే నిశ్చింతగా ముందుకు వెళ్లవచ్చు. గంట అయితే ఆలోచించాలి. మిగతా నలభై మంది వచ్చి కూర్చునేదాకా బస్సు కదలదని తెలిస్తే, ఆ చోటు ఎంత అందమైనదైనా ఈసారికి వదిలేయవచ్చు.

ఈ ప్రశ్నకు జవాబు విహారం వివరణలో నేరుగా దొరకదు. 'నాలుగు గంటలు' అని రాసిన వ్యవధిలో రేవు దగ్గర గుంపుగా నిలబెట్టే సమయం, బస్సు ప్రయాణం, దారిలో దుకాణం దగ్గర ఆపే సమయం కూడా కలిసి ఉంటాయి కాబట్టి, అసలు చోటులో గడిపేది గంటన్నరే కావచ్చు. కోజుమెల్ నుంచి తులుమ్‌లోని ప్రాచీన మాయా శిథిలాలకు వెళ్లే యాత్ర ఇందుకు మంచి ఉదాహరణ. కోజుమెల్ ఒక దీవి, తులుమ్ ఉన్నది మెక్సికో ప్రధాన భూభాగం మీద. ముందుగా ప్లాయా దెల్ కార్మెన్‌కు ఫెర్రీలో దాదాపు ముప్పావుగంట, ఆపై బస్సులో సుమారు గంట ప్రయాణించాక, నీడ అంతగా లేని రాళ్ల మధ్య నడవాలి. తిరుగు ప్రయాణమూ అంతే. ఆ జలసంధిలో అలలు ఎగసిన రోజున పెద్దలకే కడుపులో తిప్పుతుంది. సెయింట్ లూసియాలో ఓడ ఆగే కాస్ట్రీస్ నుంచి పితాన్ శిఖరాలున్న సూఫ్రియేర్‌కు వెళ్లే కొండదారి కూడా మెలికలతో గంటకు పైగా సాగుతుంది. కారులో వాంతి చేసుకునే అలవాటున్న పిల్లలకు అది తగిన దారి కాదు. వివరణలో కనీస వయసు, ఎత్తు, బరువు అనే పరిమితులను, శ్రమ స్థాయిని తెలిపే గుర్తును చూడటంతో సరిపెట్టుకోకుండా, ఒకవైపు ప్రయాణం ఎన్ని నిమిషాలు, మరుగుదొడ్డి ఎక్కడ ఉంది, నీడ ఉందా అనే మూడు విషయాలను ఓడలోని విహారాల కౌంటర్లో అడిగి తెలుసుకోవాలి. చంటిబిడ్డకు రుసుము లేకపోయినా టికెట్ తీసుకోవలసి రావచ్చు, ఎందుకంటే బస్సులోనూ పడవలోనూ తలల లెక్క టికెట్లను బట్టే వేస్తారు.

ఓడ గట్టుకు ఆనుకుని ఆగుతుందా, లేక దూరంగా లంగరు వేసి టెండర్ అనే చిన్న పడవల్లో ప్రయాణికులను ఒడ్డుకు చేరుస్తుందా అన్నది మరో ముఖ్యమైన సంగతి. గ్రాండ్ కేమన్‌లోని జార్జ్ టౌన్, బెలీజ్ సిటీ టెండర్ రేవులుగా పేరుపడ్డాయి. బెలీజ్ దగ్గర సముద్రం లోతు తక్కువ కావడంతో ఓడ చాలా దూరంలోనే ఆగిపోతుంది. టెండర్ ప్రయాణానికే ఇరవై నిమిషాలు పట్టవచ్చు. వరుసలో నిరీక్షణ దానికి అదనం. ఊగుతున్న పడవలోకి బిడ్డను ఎత్తుకుని దిగాలి, స్ట్రోలర్‌ను (పిల్లలను కూర్చోబెట్టి తోసే బండిని) మడిచి చేత పట్టుకోవాలి. టెండర్ రేవులో మధ్యలో వెనుదిరగడం మన చేతిలో ఉండదు కాబట్టి, అక్కడ వీలైనంత సాదాసీదా కార్యక్రమం పెట్టుకోవడం, బిడ్డను గుండెకు కట్టుకునే క్యారియర్ వెంట తీసుకెళ్లడం మంచిది.

బీచ్ విషయానికి వస్తే, దాదాపు అందరూ ఫొటోలు చూసి ఎంచుకుంటారు. నిజానికి చూడవలసినది మ్యాపు. కరీబియన్‌లో వ్యాపార పవనాలు ఏడాదిలో అధికభాగం తూర్పు, ఈశాన్య దిక్కుల నుంచి వీస్తాయి. గాలికి ఎదురుగా ఉండే తూర్పు తీరాల్లో అలలు బలంగా విరుచుకుపడతాయి. గాలిచాటున ఉండే పడమటి తీరాల్లో నీరు చాలావరకు కదలని చెరువులా ఉంటుంది. బార్బడోస్ తూర్పున ఉన్న బాత్‌షీబా సర్ఫింగ్ చేసేవారికి స్వర్గమే గాని మూడేళ్ల పిల్ల కాళ్లు తడుపుకునే చోటు కాదు. అదే దీవిలో బ్రిడ్జ్‌టౌన్ పక్కనున్న కార్లైల్ బే ప్రశాంతంగా ఉంటుంది. గ్రాండ్ కేమన్‌లోని సెవెన్ మైల్ బీచ్, అరూబాలోని ఈగిల్ బీచ్, పామ్ బీచ్ కూడా పడమటి తీరంలోనివే. ఈ సూత్రానికి మినహాయింపులు ఉన్నాయి. సెయింట్ థామస్ ఉత్తర తీరంలోని మేగెన్స్ బే లోపలికి బాగా చొచ్చుకుని రావడం వల్ల గాలి నుంచి రక్షణ పొందుతుంది. అరూబా ఆగ్నేయ కొసన ఉన్న బేబీ బీచ్ లోతు తక్కువైన ఉప్పునీటి మడుగు. అయితే బేబీ బీచ్ ఓడరేవు నుంచి దూరమన్నది మరిచిపోకూడదు. 2011 నుంచి పెద్ద ఎత్తున కొట్టుకొస్తున్న సర్గాసమ్ నాచు కూడా ముఖ్యంగా తూర్పుకు, గాలికి తెరుచుకున్న తీరాల మీదే పేరుకుంటుంది. వసంతం, వేసవి నెలల్లో దాని తాకిడి ఎక్కువ. కుళ్లిన నాచు కంపు భరించడం పిల్లలకు కష్టమే.

బీచ్‌లో నీడ కోసం చెట్టు కిందికి వెళ్లేముందు ఒక జాగ్రత్త అవసరం. కరీబియన్ తీరాల్లో పెరిగే మాంచినీల్ చెట్టు పండు చిన్న పచ్చి ఆపిల్‌లా కనిపిస్తుంది. అది విషపూరితం. దాని పాలు చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతాయి, వానలో ఆ చెట్టు కింద నిలబడినా అదే ప్రమాదం. చాలా చోట్ల కాండానికి ఎర్ర రంగు పట్టీ వేసో, బోర్డు పెట్టో హెచ్చరిస్తారు, కానీ అన్ని చోట్లా కాదు. నేల మీద పడినదేదీ నోట పెట్టుకోకూడదని పిల్లలకు ముందే చెప్పి, కుర్చీ, గొడుగు అద్దెకు దొరికే బీచ్‌నే ఎంచుకోవడం ఉత్తమం.

అసలు బస్సు ఎక్కనవసరం లేని రేవులు కొన్ని ఉన్నాయి. గ్రాండ్ టర్క్‌లో ఓడ దిగి గట్టు దాటగానే బీచ్ ఉంటుంది. సెయింట్ మార్టెన్‌లోని ఫిలిప్స్‌బర్గ్‌లో గ్రేట్ బే బీచ్‌కు నడిచి వెళ్లవచ్చు, నడవలేనివారికి వాటర్ టాక్సీ ఉంది. ఆ దీవిలో విమానాలు తల మీదుగా దిగే మాహో బీచ్ ఎంతో ప్రసిద్ధమైనా, విమానం ఇంజిన్ల గాలి మనుషులనే పడదోసే రన్‌వే కంచె దగ్గరికి చిన్నపిల్లలను తీసుకెళ్లకూడదు. క్యురసావ్‌లో విల్లెమ్‌స్టాడ్ నగరాన్ని కలిపే క్వీన్ ఎమ్మా వంతెన 1888 నాటిది. పడవల మీద తేలుతూ, ఓడ వచ్చినప్పుడు మొత్తంగా పక్కకు జరిగిపోయే ఆ వంతెనను చూడటానికి పైసా ఖర్చు లేదు, నాలుగేళ్ల పిల్లలు దాన్ని ఎంతసేపైనా చూస్తూ నిలబడతారు. ప్యూర్టో రికోలోని సాన్ హువాన్‌లో ఎల్ మోరో కోట ముందున్న విశాలమైన పచ్చిక గాలిపటాలు ఎగరేయడానికి పేరుపడింది. కోటలోకి 15 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితమే గాని, లోపలి వాలుదారులు, మెట్లు స్ట్రోలర్‌కు అనువుగా ఉండవు. అదీగాక సాన్ హువాన్‌కు చాలా ఓడలు మధ్యాహ్నం దాటాకే చేరతాయి, అప్పటికి కోట మూసే వేళ దగ్గరపడుతుంది. అలాంటప్పుడు పచ్చిక ఒక్కటే చాలు.

ఓడ కంపెనీల సొంత దీవులను కొందరు అనుభవజ్ఞులు చిన్నచూపు చూస్తారు, అది అసలైన కరీబియన్ కాదని. ఆ మాటలో నిజం ఉన్నా, పసిపిల్లల తల్లిదండ్రులకు వాటికి మించిన సౌకర్యం దొరకదు. బహామాస్‌లో రాయల్ కరీబియన్ వారి కోకో కే, డిస్నీ వారి కాస్టవే కే దీవుల్లో ఓడ నేరుగా గట్టుకు ఆగుతుంది. భోజనం ఓడ టికెట్‌లోనే కలిసి ఉంటుంది, నిద్ర ముంచుకొస్తే పది, పదిహేను నిమిషాల్లో గదికి చేరవచ్చు. కోకో కేలో పెద్ద జారుడుబల్లలున్న వాటర్ పార్కుకు విడిగా డబ్బు కట్టాలి, ఎత్తు పరిమితులూ ఉంటాయి. చిన్నవాళ్ల కోసం ఉన్న స్ప్లాష్‌అవే బేకు రుసుము లేదు కాబట్టి, ఐదేళ్లలోపు పిల్లల కోసం ఆ వాటర్ పార్కు టికెట్ కొనడం వృథా.

జంతువులతో కూడిన విహారాల్లో లోతును, ప్రయాణాన్ని కలిపి లెక్కించాలి. గ్రాండ్ కేమన్‌లోని స్టింగ్‌రే సిటీ ఇసుకమేట దగ్గర నీరు పెద్దల నడుము దాకా ఉంటుంది, అంటే మూడేళ్ల పిల్లకు తల మునిగేంత. టెండర్, బస్సు, మరో పడవ దాటి అక్కడికి చేరాక పిల్లను ఆసాంతం ఎత్తుకునే ఉండాలి. అదే దీవిలోని టర్టిల్ సెంటర్‌లో తాబేళ్లను నేల మీద నిలబడే చూడవచ్చు. జమైకాలో డన్స్ రివర్ జలపాతాన్ని చేతులు పట్టుకుని ఎక్కడం పెద్ద పిల్లల సరదా. చిన్నవాళ్లతో పక్కనున్న మెట్ల మీద నుంచి చూసి కింది బీచ్‌లో ఆడుకుంటే సరిపోతుంది. సుదీర్ఘమైనా పిల్లలు ఓపిక పట్టే విహారం ఒకటుంది: సెయింట్ కిట్స్‌లో చెరకు రవాణాకు వేసిన పాత పట్టాల మీద నడిచే సీనిక్ రైల్వే. రైలు, బస్సు కలిపి మూడు గంటలు పడుతుంది, కానీ రైలంటే ఇష్టపడే పిల్లలకు ప్రయాణమే ఆట.

ఓడ కంపెనీ దగ్గరే విహారం కొనాలా, బయటివారి దగ్గర కొనాలా అన్న ప్రశ్నకు దూరమే జవాబు చెబుతుంది. ఓడ తరఫు విహారం ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా తదుపరి రేవుకు చేర్చే ఏర్పాటు వారే చేస్తారు. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఆ బాధ్యత మనదే. అందుచేత దూరపు యాత్రలకు ఓడవారి ధర ఎక్కువైనా చెల్లించవచ్చు. దగ్గరి బీచ్‌కైతే టాక్సీయే నయం, ఎందుకంటే ఎప్పుడు బయల్దేరాలో మనమే నిర్ణయించుకుంటాం. అయితే దీవుల్లోని టాక్సీల్లో పిల్లల కార్ సీట్లు అరుదు. సెయింట్ థామస్‌లో పక్కలు తెరిచి ఉన్న సఫారీ వాహనాలే ఎక్కువ. సీటు మనం తీసుకెళ్లాలి, లేదా నడిచి చేరగల చోటుకే పరిమితం కావాలి. తుపానుల కాలమైన జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు రేవులు మారిపోవడం మామూలే. ఓడ ఆగకపోతే ఓడవారి విహారం సొమ్ము తిరిగి వస్తుంది, బయటివారి దగ్గర ఆ షరతు ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఫోన్ గడియారాన్ని నమ్మకూడదు. కోజుమెల్, జమైకా, కేమన్ దీవులు వేసవిలో గడియారాన్ని ముందుకు జరపవు, చాలా క్రూయిజ్‌లు బయల్దేరే అమెరికాలోని ఫ్లోరిడా మాత్రం ఒక గంట జరుపుతుంది. ఓడ ఫ్లోరిడా సమయాన్నే పాటిస్తే, ఒడ్డున ఫోన్ ఒక గంట వెనుక చూపిస్తుంది, ఇంకా గంట ఉందనే భ్రమలో ఓడ తప్పిపోవచ్చు. ఓడ సమయానికి సరిచేసిన మామూలు చేతి గడియారం ఒకటి పెట్టుకోవాలి.

సంచి సర్దేటప్పుడు స్థానిక చట్టాలనూ గుర్తుంచుకోవాలి. జమైకా, బార్బడోస్, సెయింట్ లూసియా వంటి దేశాల్లో సైనికుల దుస్తులను పోలిన మచ్చల బట్టలు పౌరులు వేసుకోవడం నేరం, పిల్లల టోపీకి కూడా మినహాయింపు లేదు. అమెరికా వర్జిన్ దీవుల్లో 2020 నుంచి ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్లు నిషిద్ధం. జింక్ ఆక్సైడ్ ఉన్నది ఎక్కడైనా పనికొస్తుంది, పిల్లల చర్మానికీ అదే మంచిది. ఆరు నెలలలోపు బిడ్డకు సన్‌స్క్రీన్ కన్నా నీడ, పొడుగు చేతుల చొక్కా ముఖ్యం. ఓడ నుంచి పండ్లు, వండిన ఆహారం ఒడ్డుకు తేవడాన్ని చాలా రేవులు ఒప్పుకోవు; సీలు తీయని ప్యాకెట్లు మాత్రం తీసుకెళ్లవచ్చు.

డైపర్లు వాడే పిల్లలను, ఈత డైపర్ తొడిగినా సరే, ఓడలోని ఈతకొలనుల్లోకి రానివ్వరు. కొన్ని ఓడల్లో వారికోసం ప్రత్యేకించిన చిన్న నీటి ఆటస్థలం ఉంటుంది. ఆ సదుపాయం లేని ఓడైతే నీళ్లలో ఆడుకునే అవకాశం బీచ్‌లోనే కాబట్టి, రేవుల్లో కనీసం ఒకదాన్ని పూర్తిగా దానికే కేటాయించాలి. వరుసగా మూడు రోజులు మూడు రేవులుంటే మధ్యరోజు దిగకుండా ఉండిపోవడానికి సంకోచించనక్కరలేదు. అందరూ ఒడ్డుకు వెళ్లిన ఆ వేళల్లో ఓడలోని ఆటస్థలాలు ఖాళీగా ఉంటాయి. తల్లిదండ్రులిద్దరూ దిగాలనుకుంటే, రాయల్ కరీబియన్, డిస్నీ వంటి కంపెనీల ఓడల్లో ఆరు నెలలు దాటిన పసివాళ్లకు గంటల లెక్కన రుసుముతో నర్సరీలు ఉన్నాయి. రేవు రోజుల్లో తల్లిదండ్రులు ఓడ దిగవచ్చునా, బిడ్డకు పాలు ఎవరు పడతారు అనే నియమాలను కంపెనీ దగ్గర ముందుగా కనుక్కోవాలి. నర్సరీలో చోట్లు కొద్దిగానే ఉంటాయి కాబట్టి, ఆన్‌లైన్ బుకింగ్ తెరిచిన రోజునే వాటిని ఖాయం చేసుకుని, ఆ తర్వాతే ఆ రేవులో పెద్దల విహారానికి టికెట్ కొనాలి.