మెడ పట్టేస్తోందా, పిక్కలు లాగుతున్నాయా? ముందు టేబుల్ చూడండి

హైటెక్ సిటీ ఆఫీసుల్లో టేబుళ్ల ఎత్తు మామూలుగా 73 నుంచి 75 సెంటీమీటర్లు. మన ఆడవాళ్ల సగటు ఎత్తేమో 152 సెంటీమీటర్ల దగ్గర, మగవాళ్లది అంతకంటే పది, పన్నెండు ఎక్కువ. ఇద్దరికీ అదే టేబుల్, అదే కుర్చీ. అందుకే నొప్పి అని ఎవరొచ్చినా నేను ముందు అడిగేది వాళ్లు కూర్చునే చోటు గురించే.

సమస్య: సాయంత్రానికి మెడ, భుజాలు బిగుసుకుపోతున్నాయి
పొట్టిగా ఉన్నవాళ్లు, అంటే ఎక్కువగా ఆడవాళ్లు, కీబోర్డ్ అందడానికి రోజంతా భుజాలు ఎత్తి పట్టుకుంటారు. సరే అని కుర్చీ పైకి లేపితే పాదాలు గాల్లో వేలాడతాయి. సీటు అంచు తొడల కింద నొక్కి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ బాధకు ముందుకు జరిగి అంచు మీద కూర్చుంటారు. వీపుకు ఆనిక పోయింది కదా, ఇక నడుము మొదలవుతుంది.

పరిష్కారం: మోచేతులు టేబుల్ మట్టానికి వచ్చేదాకా కుర్చీ లేపండి. తర్వాత పాదాల కింద పీట వేసుకోండి. పాత పేపర్ల కట్ట గట్టిగా కట్టినా సరిపోతుంది. పూర్తిగా వెనక్కి జరిగి కూర్చున్నప్పుడు మోకాలి వెనక రెండు, మూడు వేళ్ల ఖాళీ ఉండాలి. లేకపోతే సీటు మీకు లోతెక్కువ, వీపు వెనక దిండు పెట్టండి. ఆఫీసులో పీట అడగడానికి మొహమాటపడకండమ్మా.

పొడుగువాళ్లది దీనికి తిరగేసిన కథ: ల్యాప్‌టాప్ కిందికి ఉండి మెడ వంగిపోతుంది. స్క్రీన్ పైఅంచు కళ్ల ఎత్తుకు తెచ్చి, కీబోర్డ్ విడిగా పెట్టుకోవాలి.

సమస్య: మగవాళ్లలో ఒక పిరుదు నుంచి కాల్లోకి లాగుడు
వెనక జేబులో లావుపాటి పర్సు ఉందేమో చూడండి. ఉంటే ముందు జేబులోకి మార్చండి.

సమస్య: పిక్కల బరువు, ఉబ్బిన నరాలు
కూకట్‌పల్లి, కోఠి చీరల షాపుల్లో నిలబడే అమ్మాయిలది ఈ బాధ. పిక్క కండరం కదిలితేనే రక్తం పైకి వెళ్తుంది. కదలకుండా నిలబడితే సిరల్లో నిలిచిపోతుంది. గర్భంతో ఉన్నప్పుడు మరీ ఎక్కువ. మడమలు తరచూ పైకెత్తి దించండి, కాళ్లు మార్చి మార్చి చిన్న పీట మీద పెట్టండి. అసలు మందు కూర్చోవడమే. షాపుల్లో కూర్చునే ఏర్పాటు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం చేశాయి. కౌంటర్ వెనక రెండు స్టూళ్లు వేయడానికి మన యజమానులు చట్టం దాకా ఆగనక్కర్లేదు.

సమస్య: రాత్రిళ్లు బొటనవేలి నుంచి మధ్యవేలి దాకా తిమ్మిరి
మణికట్టులో నరం నలుగుతోంది. ఆడవాళ్లలోనే ఎక్కువ. చేతికి సరిపడే చిన్న మౌస్ వాడండి, మణికట్టు నిటారుగా ఉంచండి. థైరాయిడ్ తేడా వల్ల కూడా ఇది రావచ్చు, అదీ చూపించుకోండి.

నడుము నొప్పితోపాటు మూత్రం అదుపు తప్పినా, పాదం పైకి లేవకపోయినా, తొడల మధ్య మొద్దుబారినా ఇవేవీ చేస్తూ కూర్చోవద్దు. అదే రోజు నిమ్స్‌కో, ఉస్మానియాకో, గాంధీకో వెళ్లండి.